హైవే మీద కుళ్ళిన కోడిగుడ్డు వాసన: కన్వర్టర్ మార్చాల్సిందేనా?

కృష్ణాతీరం
మాది 2016లో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. బీఎస్‌-4 (భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణం) బండి, గ్యాస్ కిట్లేవీ లేవు, లక్ష కిలోమీటర్లకు దగ్గర పడింది. డిసెంబరు నుంచి దీనికి ఒక వింత జబ్బు పట్టుకుంది. తెల్లవారుజామున విజయవాడలో బయలుదేరి గుంటూరు వైపు వెళ్తూ కాజ టోల్ ప్లాజా దగ్గర వేగం తగ్గించి వరుసలో ఆగగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది. రెండు నిమిషాలు ఉండి పోతుంది. మధ్యాహ్నం పూట బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఎంతసేపు ఇరుక్కున్నా మాత్రం రాదు. పొగ లేదు, చెక్ ఇంజిన్ దీపం వెలగలేదు, కానీ హైవే మీద పదిహేడున్నర వచ్చే మైలేజీ 14కు పడిపోయింది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే బానెట్ కూడా ఎత్తకుండానే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందని, దాదాపు నలభై వేలవుతుందని చెప్పారు. అంత డబ్బు పోసేముందు ఇంకేమైనా చూడాల్సింది ఉందేమో తెలిసినవారు చెప్పండి.

ఆటోనగర్_పాతకాపు
చూడాల్సిందేమీ లేదు. గుడ్డు వాసనంటే కన్వర్టరే. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నలభై వేలు ఎక్కువనుకుంటే లోపలి జల్లెడ తీయించి ఖాళీ డబ్బా బిగించుకోండి, రెండు వేలతో పని అయిపోతుంది, పికప్ కూడా పెరుగుతుంది.

నాలుగో_గేరు
పాతకాపు గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది గానీ ఈ సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. కన్వర్టర్ తీసేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు, కాలుష్య ప్రమాణాలు మీరినందుకు 190(2) కింద వేరే జరిమానా ఉంటుంది. చట్టం సంగతి అటుంచినా, వాసన ఎందుకు పుడుతోందో తెలుసుకోకుండా అది బయటికొచ్చే చోటును పీకేస్తే అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

కృష్ణాతీరం గారూ, ముందు కొన్ని సంగతులు చెప్పండి. కారు దిగి చూస్తే వాసన వెనక సైలెన్సర్ గొట్టం దగ్గర ఎక్కువగా ఉందా, బానెట్ దగ్గరా? ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద ఎన్ని వోల్టులు చూపిస్తోంది? డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందా? అన్నిటికన్నా ముఖ్యంగా, గత ఏడాదిలో ఈ కారుకు ఎవరు ఏ పని చేశారు?

ఓరుగల్లు_చక్రం
డిక్కీలో ట్రే గుడ్లు పెట్టి మరిచిపోలేదు కదా? పరిహాసానికి అడగడం లేదు, మా బావమరిది కారులో సీటు కింద దొర్లిన ఒకే ఒక్క గుడ్డు పక్షం రోజులు ఇంటిల్లిపాదినీ ఏడిపించింది.

కృష్ణాతీరం
గుడ్లు లేవని ప్రమాణం చేస్తున్నాను. డిక్కీ, సీట్ల కింద, స్టెప్నీ గుంట కూడా వెతికాము. నాలుగో_గేరు గారి ప్రశ్నలకు రేపు కారు చూసి జవాబిస్తాను.

రసాయనం_మేష్టారు
ఈ వాసన ఎక్కడి నుంచి పుడుతుందో తెలిస్తే వెతుకులాట సులువవుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

పెట్రోలులో గంధకం కొద్దిగా ఉంటుంది. బీఎస్‌-4 ఇంధనంలో 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50 వంతులు) దాకా అనుమతించేవారు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్‌-6 ఇంధనం వచ్చాక ఆ పరిమితి 10 పీపీఎంకు తగ్గింది. ఇంజిన్‌లో మండినప్పుడు ఈ గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా మారుతుంది, దానిది అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు. కన్వర్టర్ లోపలి పింగాణీ గూళ్ళ మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాలతోబాటు సీరియం ఆక్సైడ్ పూత కూడా ఉంటుంది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉన్నంతసేపూ ఈ పూత గంధకాన్ని సల్ఫేటు రూపంలో తనలో దాచుకుంటుంది. ఇంజిన్ గాలికి మించి పెట్రోలు తాగడం మొదలుపెట్టినప్పుడు, అంటే మెకానిక్కులు రిచ్ మిక్స్చర్ అనే పరిస్థితిలో, దాచుకున్నదంతా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా ఒక్కసారి బయట పడుతుంది. మీరంటున్న కుళ్ళిన గుడ్డు వాసన అదే. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతుకన్నా ఎంతో తక్కువ ఉన్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది.

ఇందులో తేలేదేమిటంటే, ఆ వాసన తయారు కావాలంటే కన్వర్టర్ వేడెక్కి ఎంతోకొంత పనిచేస్తూ ఉండాలి. కన్వర్టర్ పాడైన బండ్లలో ఈ వాసన రాదని నేను అనను గానీ, వాసన వచ్చినంత మాత్రాన అది చచ్చిపోయిందనడం తొందరపాటు. పెట్రోలు ఎక్కువగా ఎందుకు పోతోందన్నదే అడగాల్సిన ప్రశ్న. మైలేజీ అయిదో వంతు పడిపోయిందని వారే రాశారు కదా.

పాతబస్తీ_పెట్రోల్
ఇంత రసాయనశాస్త్రం ఎందుకండీ, బంకు మార్చి చూడమనండి. కల్తీ పెట్రోలు పోస్తే ఏ కారైనా కంపు కొడుతుంది. పైగా ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు, పాత బండ్లు దాన్ని అరిగించుకోలేకపోతున్నాయి.

రసాయనం_మేష్టారు
కల్తీ విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. కిరోసిన్‌లో గంధకం బీఎస్‌-6 పెట్రోలులో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి అది కలిస్తే వాసన ఖాయం. అయితే అప్పుడు ఊళ్ళోనూ హైవే మీదా ఒకేలా రావాలి కదా.

ఇథనాల్ వాదన మాత్రం తిరగబడుతుంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అది కలిసినప్పుడు మిశ్రమం పలచబడుతుంది, అందుకని ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, కాస్త ఎక్కువ ఇంధనం పోసి సరిచేస్తుంది. దానిలో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే లెక్క ప్రకారం ఆరేడు శాతం మైలేజీ పోవాలి. వీరిది ఇరవై శాతం పోయింది. మిగిలిన పెట్రోలు ఎక్కడికి పోతున్నట్టు?

గ్యాస్_కిట్టు
వారికి కిట్ లేదన్నారు కాబట్టి ఇది వారి కోసం కాదు, ఈ చర్చ చదివే మిగతావారి కోసం. మా ఎల్పీజీ కారులోనూ ఇలాంటి కంపే వస్తే సైలెన్సర్ దగ్గర వెతుకుతూ కూర్చున్నాము. తీరా చూస్తే వేపరైజర్ (ద్రవ గ్యాస్‌ను ఆవిరి చేసే పరికరం) దగ్గరి గొట్టం క్లిప్పు వదులైంది. వంటగ్యాస్‌లాగే ఈ గ్యాస్‌కు కూడా సొంత వాసన ఉండదు, కారితే తెలియాలని గంధకపు మందు కలుపుతారు, అది గుడ్డు వాసనకు దగ్గరగానే ఉంటుంది. కిట్ ఉన్నవారు ఇంజిన్ ఆపాక కూడా వాసన వస్తుంటే సిలిండర్ వాల్వు కట్టేసి, సబ్బు నురగ పూసి బుడగలు చూడాలి. అగ్గిపెట్టె జోలికి మాత్రం వెళ్ళకండి.

మన్యం_డ్రైవర్
నాలుగో_గేరు గారు బ్యాటరీ వోల్టులు ఎందుకు అడిగారో నాకు బాగా అర్థమైంది. నేను విశాఖ నుంచి అరకు ట్యాక్సీ నడుపుతాను. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఏసీ గాలిలోంచి గుడ్డు కంపు వస్తోందని ప్రయాణికులు ముక్కు మూసుకునేవారు. సైలెన్సరని, కన్వర్టరని తలా ఒక మాట చెప్పారు. చివరికి బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్క గోడలు ఉబ్బి ఉన్నాయి, మూతల చుట్టూ తడి, చెయ్యి పెట్టలేనంత వేడి. ఆల్టర్నేటర్‌లో వోల్టులను అదుపు చేసే రెగ్యులేటర్ పాడై బ్యాటరీలోకి 16 వోల్టుల దాకా తోస్తోందట. ఓవర్ చార్జింగ్ అయితే బ్యాటరీ యాసిడ్ నుంచి కూడా ఇదే వాసన పుడుతుందని, దాంతోబాటు వచ్చే హైడ్రోజన్ నిప్పురవ్వ తగిలితే పేలుతుందని ఎలక్ట్రీషియన్ చెప్పాక నా కాళ్ళు వణికాయి. మామూలుగా పద్నాలుగు, పద్నాలుగున్నర మధ్య ఉండాలి, పదిహేను దాటితే బండి ఆపేయండి.

డీజిల్_దొర
డీజిల్ బండ్లలో గుడ్డు వాసన అరుదు. మా దగ్గర వచ్చే గొడవ వేరు: ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ కింద రాగి వాషర్ అరిగి, మండిన వాయువు చుక్ చుక్‌మంటూ పైకి తన్నుతుంది, ఆ పొగ వాసన ఏసీ గుండా లోపలికి వస్తుంది. ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి నల్లటి గడ్డ కనిపిస్తే అదే.

డల్లాస్_బాబాయ్
డీజిల్_దొర గారి మాట మీద ఒక హెచ్చరిక. ఏ ఇంధనమైనా సరే, ఎగ్జాస్ట్ వాసన కారు లోపలికి వస్తోందంటే దానితో కార్బన్ మోనాక్సైడ్ కూడా రావచ్చు. దానికి వాసనా రంగూ ఉండవు, రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. రిచ్‌గా నడిచే పెట్రోలు ఇంజిన్‌లో అది ఇంకా ఎక్కువ పుడుతుంది. కారణం తేలేదాకా ఏసీ వేసుకుని ఆగిన కారులో నిద్రపోవద్దు, షెడ్డులో తలుపు మూసి స్టార్ట్ చేయవద్దు. తలనొప్పి, కళ్ళు తిరగడం అనిపిస్తే అద్దాలు దించి, ఇంజిన్ ఆపి, వెంటనే బయటికి రండి.

ఇక్కడ అమెరికాలో కన్వర్టర్‌కు ఎనిమిదేళ్ళు లేదా 80 వేల మైళ్ళ వారంటీ చట్టప్రకారమే ఉంటుంది, దాన్ని పీకేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. పాతకాపు గారి రెండు వేల పథకం ఇక్కడ చెల్లదు.

కారు_కొత్త
పెట్రోలు ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు అమ్ముతున్నారు కదా, అవి పోస్తే పోతుందా?

నాలుగో_గేరు
ఇంజెక్టర్ల మురికి కొంత వదలవచ్చు గానీ, కారణం ఇంజెక్టరేనని తేలకముందే ఆ సీసా పోయడం చీకట్లో రాయి విసరడమే.

కృష్ణాతీరం
అడిగినవన్నీ చూశాను. వాసన వెనక గొట్టం దగ్గరే, బానెట్ దగ్గర లేదు. బ్యాటరీ 14.2 వోల్టులు, గోడలు ఉబ్బలేదు. బంకు ముందే మార్చి చూశాను, తేడా లేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీతను కొంచెం దాటి ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన వస్తోంది. సర్వీసులో ఎక్కువ పోశారేమో తెలియదు.

ఏడాదిలో చేయించిన పనుల సంగతి: మే నెలలో ఎండకు వారధి మీద ట్రాఫిక్‌లో ఇంజిన్ బాగా వేడెక్కి ఆగిపోయింది. దగ్గరలో ఉన్న మెకానిక్ రేడియేటర్ ఫ్యాన్ మోటారు కాలిపోయిందని కొత్తది వేశాడు, కూలెంట్ మార్చాడు, ఇక జన్మలో వేడెక్కదని హామీ ఇచ్చాడు. నిజంగానే మళ్ళీ వేడెక్కలేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ పోయిన నెలలోనే తీసుకున్నాను, అన్నీ సరిగ్గా ఉన్నాయని ఉంది.

ఓరుగల్లు_చక్రం
పొల్యూషన్ గొట్టం మీ సైలెన్సర్‌లో నిజంగా పెట్టారా, లేక నంబరు ప్లేటు ఫొటో తీసి కాగితం చేతిలో పెట్టారా?

కృష్ణాతీరం
గొట్టం పెట్టారండీ, నేను పక్కనే నిలబడ్డాను. ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ నడుస్తుండగా, కార్బన్ మోనాక్సైడ్ 0.11 శాతం, హైడ్రోకార్బన్లు 78 పీపీఎం. మధ్యాహ్నం, ఊళ్ళో తిరిగి తిరిగి వెళ్ళాక తీసిన రీడింగ్.

నాలుగో_గేరు
ఈ రీడింగ్ చాలా విలువైనది. బీఎస్‌-4 పెట్రోలు కారుకు ఐడిల్ పరిమితి 0.3 శాతం, 200 పీపీఎం, మీది అందులో సగం కూడా లేదు. అంటే ఊళ్ళో వేడెక్కిన ఇంజిన్‌తో మీ కన్వర్టర్ తన పని తాను చేస్తోంది, నలభై వేలు జేబులోనే ఉంచుకోండి. ఇంజెక్టర్ కారుతున్నా ఐడిల్‌లో ఇంత శుభ్రంగా రావడం కష్టం. హైవే మీద మాత్రమే ఏదో జరుగుతోంది. ఆయిల్‌లో పెట్రోలు దిగుతోందన్నది ఇంకో ఆధారం. మే నెలలో జరిగిన రిపేరు మీద నాకు ఒక అనుమానం ఉంది, ఇప్పుడే చెప్పను, కొలిచాక చెబుతాను.

స్టీరింగ్ కింద ఈసీయూ లెక్కలు చదవడానికి పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. అందులో పెట్టే బ్లూటూత్ డాంగిల్ చవకగానే దొరుకుతుంది, లేకపోతే స్నేహితులెవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఫోనులో ఏ యాప్ అయినా సరే, కూలెంట్ ఉష్ణోగ్రత, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత సరిదిద్దుతోందన్న లెక్క), పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ, లూప్ స్టేటస్ (ఈసీయూ ఆ సెన్సర్ మాట వింటోందా లేదా) అనేవి తెర మీద పెట్టుకోండి. నడిపేది మీరైతే చూసేది పక్కన కూర్చున్నవారు కావాలి. ఎప్పటిలాగే తెల్లవారుజామున కాజ దాకా వెళ్ళి, మళ్ళీ ఊళ్ళోకి వచ్చాక మరోసారి చూసి రెండు రీడింగులూ రాయండి.

పాతబస్తీ_పెట్రోల్
సస్పెన్స్ ఎందుకండీ, అనుమానం చెప్పేయండి.

నాలుగో_గేరు
ముందే చెబితే రీడింగులు కూడా దానికి తగ్గట్టే కనిపిస్తాయి.

కృష్ణాతీరం
మా ఆవిడ ఫోను పట్టుకుని చూసి రాసుకున్నది ఇది. బయలుదేరేటప్పుడు కూలెంట్ 21 డిగ్రీలు. ఊరు దాటేసరికి 60 దాటింది. హైవే ఎక్కి ఎనభైలో వెళ్తుంటే పెరగాల్సింది పోయి మెల్లగా దిగుతూ వచ్చింది, మంగళగిరి దాటాక 52కు చేరింది. అప్పుడు లూప్ స్టేటస్ ఓపెన్ అని ఉంది, షార్ట్ ట్రిమ్ సున్నా దగ్గర కదలకుండా నిలిచింది, ఆక్సిజన్ సెన్సర్ 0.8 మీదే ఆగిపోయింది. టోల్ దగ్గర ఆగగానే వాసన వచ్చింది. తిరిగి వచ్చి ఎండెక్కాక ట్రాఫిక్‌లో చూస్తే కూలెంట్ 88, స్టేటస్ క్లోజ్డ్, సెన్సర్ 0.1 నుంచి 0.8 మధ్య చకచకా ఊగుతోంది.

ఇంకో సంగతి. మా కారులో ఉష్ణోగ్రత ముల్లు లేదు, పొద్దున స్టార్ట్ చేయగానే నీలిరంగులో చిన్న థర్మామీటర్ గుర్తు వెలిగి కాసేపటికి ఆరిపోతుంది. మొన్న హైవే మీద అది మళ్ళీ వెలిగింది. నేను గమనించలేదు, మా ఆవిడే చూపించి "ఈ నీలి దీపం ఏమిటి, నడుస్తూ నడుస్తూ ఇప్పుడు వెలిగింది?" అని అడిగింది.

నాలుగో_గేరు
ఆవిడ ఒక్క ప్రశ్నతో వర్క్‌షాపు మొత్తాన్ని ఓడించారు. ఆ నీలి దీపానికి ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని అర్థం. అన్ని కిలోమీటర్లు నడిచిన ఇంజిన్ మళ్ళీ చల్లబడిందంటే నా అనుమానం నిజమే: మీ కారులో థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకుని బిగిసిపోయింది. మే నెలలో వేడెక్కిన బండిని బాగు చేసినాయన దాన్ని పీకేసి ఉంటాడనే నా నమ్మకం.

ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు వెళ్ళే దారిలో ఇది ఒక చిన్న తలుపు. దాని లోపల మైనం నింపిన రాగి గుళిక ఉంటుంది. కూలెంట్ 82 లేదా 88 డిగ్రీలకు, కంపెనీని బట్టి, చేరినప్పుడు మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది. అది లేకపోతే చల్లటి పొద్దున హైవే గాలికి రేడియేటర్ ఎప్పుడూ నిండుగా పనిచేస్తూ ఇంజిన్‌ను వేడెక్కనివ్వదు. సెన్సర్ 52 అని చెబుతుంటే ఈసీయూ ఇంకా ఇంజిన్ చలిలోనే ఉందని నమ్ముతుంది, చోక్ లాగిన పాత స్కూటర్ లాగా అదనపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మీ కారులో ఆ ఉష్ణోగ్రతకు ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట వినడమే మానేస్తోంది. ఓపెన్ లూప్ అంటే అదే. అందుకే పెట్రోలు ఎక్కువైందని సెన్సర్ 0.8 చూపిస్తున్నా ట్రిమ్ సున్నా దగ్గర నిలిచింది. ట్రిమ్ ఒక్కటే చూసి ఉంటే అంతా బాగుందనుకునేవాళ్ళం. ఊళ్ళో గాలి తక్కువ కాబట్టి ఇంజిన్ వేడెక్కి అంతా సర్దుకుంటుంది.

కొన్ని బండ్లలో ఇలాంటప్పుడు పీ0128 అనే కోడ్ పడి చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంది. మీదాంట్లో పడలేదు.

రసాయనం_మేష్టారు
వాసన పరుగెత్తుతున్నప్పుడు కాకుండా ఆగినప్పుడే ఎందుకు వస్తోందన్న చిక్కు కూడా దీనితో విడిపోతుంది. టోల్ దగ్గర యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడు ఇంజెక్టర్లు కాసేపు పూర్తిగా ఆగిపోతాయి, కన్వర్టర్‌లోకి వట్టి గాలి వెళ్తుంది. ఆ వెంటనే ఐడిల్‌లో రిచ్ మిశ్రమం వచ్చి తగులుతుంది, దాచుకున్న గంధకం అప్పుడు ఊడిపడుతుంది. దానికి తోడు పరుగులో ఉన్నంతసేపూ పొగ వెనక్కి కొట్టుకుపోతుంది, ఆగితే అక్కడే తేలుతూ మన ముక్కుకు చేరుతుంది.

ఆటోనగర్_పాతకాపు
థర్మోస్టాట్ తీయడం తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. మన ఎండలకు అదెందుకు? చలిదేశాల వాళ్ళ కోసం పెట్టిన ముక్క. నేను వందల బండ్లకు తీసేశాను, ఒక్కటీ హెడ్ కాలి నా దగ్గరికి తిరిగి రాలేదు.

నాలుగో_గేరు
హెడ్ కాలి రాకపోవచ్చు, మైలేజీ పడిపోయి వచ్చినవి ఎన్నో లెక్క పెట్టారా? కార్బ్యురేటర్ రోజుల్లో అంబాసడర్‌కు తీసేస్తే పెద్ద నష్టం కనపడేది కాదు, చోక్ మన చేతిలో ఉండేది. ఇప్పుడు ఎంత పెట్రోలు పోయాలో తేల్చేది ఆ ఉష్ణోగ్రత సెన్సరే. ఇంకొకటి, కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది పళ్ళెం బైపాస్ దారిని కూడా మూస్తుంది. దాన్ని తీసేస్తే వేడి నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా ఇంజిన్‌లోనే తిరిగి, తీసినందుకే వేడెక్కే బండ్లున్నాయి. వీరి కారుకు మే నెలలో వచ్చిన జబ్బు ఫ్యాన్ మోటారు. అది మార్చాక ఇక థర్మోస్టాట్ జోలికి వెళ్ళాల్సిన పనేముంది?

ఓరుగల్లు_చక్రం
ఈసారి జోకు కాదు. మా పాత కారుకు కూడా ఎవరో తీసేసి ఉంచారు, మేము సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాము. ఆయిల్ ఫిల్లర్ మూత తిప్పితే లోపల మజ్జిగ మీది మీగడలాంటి తెల్లటి పేరుకుడు కనిపించేది. కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయిందని అందరూ భయపెట్టారు. తీరా అది వేడెక్కని ఇంజిన్‌లో పట్టిన తేమ. థర్మోస్టాట్ వేయించి ఆయిల్ మార్చాక మళ్ళీ పట్టలేదు.

స్కానర్ లేనివారికి ఒక పద్ధతి: పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు దూరంగా, రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి వేయండి. థర్మోస్టాట్ బాగుంటే ఆ గొట్టం చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా అవుతూ పోతే లోపల తలుపు లేనట్టే. కొన్ని ఇంజిన్లలో ఇది కింది గొట్టం వైపు ఉంటుంది, అది చూసుకోండి.

కృష్ణాతీరం
ఇవాళ వేరే మెకానిక్ దగ్గర నా ఎదుటే విప్పించాను. హౌసింగ్ రెండు బోల్టులు తీస్తే లోపల ఖాళీ. థర్మోస్టాట్ కూర్చోవలసిన గాడిలో తుప్పు రంగు మడ్డి, దాని చుట్టూ బూడిదరంగు సీలెంట్ పూసి మూసేసి ఉంది. కూలెంట్ అని చెప్పి పోసింది కూడా వట్టి కుళాయి నీళ్ళలాగే ఉంది, ఆకుపచ్చ రంగు జాడైనా లేదు. కొత్త థర్మోస్టాట్ మీద 82 అని అచ్చు ఉంది. రబ్బరు రింగుతో కలిపి వేశారు, చిన్న గాలి రంధ్రం పైకి వచ్చేలా పెట్టారు. లోపలంతా కడిగి, సరైన కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా నడిపి చూశారు. ఫ్యాన్ సరైన సమయానికి తిరుగుతోందో లేదో కూడా నిలబడి చూసుకున్నాను, తిరిగింది. పెట్రోలు కలిసిన ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. స్పార్క్ ప్లగ్గులు తీస్తే మొనల మీద మసి పొడిపొడిగా రాలింది, వాటిని కూడా మార్చారు. మొత్తం కలిపి అయిదు వేల లోపే అయింది.

కారు_కొత్త
వాసన పోయిందా లేదా అది చెప్పండి ముందు!

కృష్ణాతీరం
మొదటి రోజు టోల్ దగ్గర కొద్దిగా వచ్చింది, గుండె జారిపోయింది. మేష్టారు గారూ, అది ఎందుకని?

రసాయనం_మేష్టారు
కన్వర్టర్‌లో ఇన్నాళ్ళూ చేరిన సల్ఫేటు ఇంకా ఉంటుంది. వేడి ఇంజిన్‌తో హైవే మీద కాసేపు నిలకడగా నడిపితే ఖాళీ అవుతుంది. తగ్గుతూ పోతుంటే కంగారు పడవద్దు, అలాగే ఉండిపోతే ఆక్సిజన్ సెన్సర్ మీద మసి పట్టిందేమో చూడాలి.

కృష్ణాతీరం
ఇంకొన్ని పొద్దులు గుంటూరు వెళ్ళి వచ్చాక రాస్తున్నాను. వాసన తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. హైవే మీద కూలెంట్ 84, 86 మధ్య నిలుస్తోంది, లూప్ క్లోజ్డ్‌లోనే ఉంటోంది, నీలి దీపం ఊరు దాటకముందే ఆరిపోతోంది. నిన్న ట్యాంకు నింపి లెక్క వేస్తే మైలేజీ పదిహేడు దాటింది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎక్కడిది అక్కడే ఉంది.

పాతబస్తీ_పెట్రోల్
బంకుల వాళ్ళకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ ఒక్క కారు విషయంలో మాత్రమే.

ఆటోనగర్_పాతకాపు
ఈ బండికి మీరన్నది సరిపోయింది, కాదనను. కానీ ప్లగ్గులు, ఆయిల్ కూడా ఒకేసారి మార్చారు కాబట్టి అంతా థర్మోస్టాట్ ఘనతే అనకండి.

నాలుగో_గేరు
సరైన అభ్యంతరమే. ప్లగ్గులు మార్చినందుకు మైలేజీ కొంత పెరిగి ఉండవచ్చు. అయితే 52 దగ్గర ఆగిన కూలెంట్ 84కు ఎక్కడం, ఓపెన్ లూప్ క్లోజ్డ్ కావడం ప్లగ్గుల వల్ల జరిగేవి కావు.

కారు_కొత్త
మా కారులోనూ నీలి దీపం ఉంది. అది ఎంతసేపటికి ఆరిపోవాలి? మాది హైదరాబాదు, పొద్దున ఆఫీసుకు ఆరేడు కిలోమీటర్లు వెళ్తాను.

నాలుగో_గేరు
జనవరి చలిలో అయినా నాలుగైదు నిమిషాలు నడిపేసరికి ఆరిపోవాలి, ఒకసారి ఆరాక ఆ ప్రయాణంలో మళ్ళీ వెలగకూడదు. ఆఫీసు చేరేదాకా వెలుగుతూనే ఉంటే, ఓరుగల్లు_చక్రం గారు చెప్పినట్టు గొట్టం మీద చెయ్యి వేసి చూడండి. ఇంజిన్ మరీ వేడెక్కిందని చెప్పే ఎర్ర దీపం వెలిగితే మాత్రం చూడటాలేమీ వద్దు, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. చల్లారేదాకా రేడియేటర్ మూత తిప్పకండి.